పోయే వేడిని దాచుకునే బ్రేకు: హైబ్రిడ్ బండి వెనక వందేళ్ళ కథ

ఈ వారం ఎపిసోడ్ విన్న చాలామంది "అన్నా, ఇది రాసి పెట్టు, స్టాండ్‌ల బండి పెట్టుకున్నప్పుడు చదువుకుంటం" అని వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. అందుకని మాట్లాడినదాన్నే కాస్త సర్ది, టైం చాలక వదిలేసినవి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్ళకి ఒక మాట. నేను యూఏఈలో ఏడేళ్ళు టాక్సీ నడిపాను. ఇప్పుడు షార్జా సనయ్యలో ఒక కరాజ్‌లో బ్రేకుల పని చూస్తున్నాను. టాక్సీ, లిమోజిన్, ఇంటి డ్రైవరు, కంపెనీ డ్రైవరు, ఏ డ్యూటీ అయినా ఇప్పుడు మనవాళ్ళ చేతికి హైబ్రిడ్ బండే ఎక్కువగా వస్తోంది. దుబాయ్‌లో 2008లోనే హైబ్రిడ్ టాక్సీలను ట్రయల్‌గా దించారు. ఈరోజు రోడ్డు మీద చూస్తే హైబ్రిడ్ కామ్రీ టాక్సీ కనబడని సిగ్నలు లేదు. కానీ నేను పనిచేసిన చోట తాళంచెవి ఇచ్చేముందు మీటరు గురించి చెప్పారు, ఫైన్ల గురించి రెండుసార్లు చెప్పారు. బ్రేకు గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ప్రమాదం జరిగితే మాత్రం ముందు అడిగేది డ్రైవర్నే, జీతంలో కోత పడేదీ డ్రైవరుకే.

ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. హైబ్రిడ్ బండికి పెడల్ ఒకటే గానీ బ్రేకులు రెండు. ఒకటి పోయే శక్తిని పట్టి బ్యాటరీలో దాస్తుంది. రెండోది ఆ శక్తిని వేడిచేసి గాలిలో కలుపుతుంది. రోజూ కష్టపడేది మొదటిది, ప్రాణం మీదికి వచ్చినప్పుడు కాపాడేది రెండోది. ఎక్కువ కాలం ఖాళీగా ఉండేది కూడా ఆ రెండోదే. ఈ రెండూ ఎక్కణ్ణుంచి వచ్చి ఒకే పెడల్ కింద చేరాయో తెలిస్తే, దేన్ని ఎలా చూసుకోవాలో ఎవరూ చెప్పకపోయినా మనకే అర్థమవుతుంది.

బ్రేకంటే వేడి

ఎద్దుల బండికైనా, గుర్రపు బండికైనా పాతకాలం బ్రేకు అంటే చక్రం పట్టీకి ఒక చెక్కదిమ్మను ఆనించడమే. రాపిడికి వేగం తగ్గేది, చెక్క వేడెక్కి అరిగిపోయేది. మోటారు బండ్లు వచ్చాక వేగం పెరిగింది, చెక్క చాలలేదు. 1902లో ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకు ఒక రూపం ఇచ్చాడు. అదే ఏడు ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్క్ బ్రేకుకు పేటెంట్ తీసుకున్నాడు. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆయిల్‌తో నడిచే బ్రేకులతో వచ్చింది. డిస్క్ మాత్రం చాలాకాలం కాగితం మీదే ఉండిపోయింది. 1953లో జాగ్వార్ రేసు కార్లు లె మాన్స్‌లో డిస్క్ బ్రేకులతో గెలిచాకే లోకం దాన్ని నమ్మింది.

ఇన్ని మారినా పని ఒక్కటే, పరుగును వేడిగా మార్చడం. ఆ వేడి ఎంతో ఒక లెక్క చూడండి. మనుషులతో కలిపి 1,600 కిలోల బండి గంటకు 100 కి.మీ. వేగంలో ఉంది. దాన్ని పూర్తిగా ఆపితే పుట్టే వేడితో రెండు లీటర్లకు కాస్త తక్కువ నీళ్ళు మరిగించవచ్చు. రూమ్‌లో అందరికీ చాయ్ అయిపోతుంది. టాక్సీ డ్రైవరు రోజుకు కొన్ని వందలసార్లు బ్రేకు తొక్కుతాడు. పెట్రోలు కాల్చి తెచ్చుకున్న పరుగంతా అన్నిసార్లు అలా గాలిలో కలిసిపోతుంది. దీన్ని ఆపలేమా అన్న ఆలోచన కార్లు పుట్టిన తొలిరోజుల్లోనే వచ్చింది.

మోటారే బ్రేకైతే

కరెంటు మోటారుకు ఒక గుణం ఉంది. దానికి కరెంటు ఇస్తే తిరుగుతుంది. బయటి బలంతో దాన్ని తిప్పితే అదే డైనమో అయి కరెంటు ఇస్తుంది. పాత సైకిలు డైనమో గుర్తుందా? చక్రానికి ఆనించగానే తొక్కడం బరువయ్యేది. ఆ బరువే బ్రేకు, లైటు వెలగడం లాభం.

1890ల చివర్లో పారిస్‌లో లూయీ క్రీగెర్ అనే ఇంజనీరు తన ఎలక్ట్రిక్ బండ్లలో ఈ గుణాన్నే వాడాడు. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ట్రాములకు ఇది ఎక్కింది. దిగే ట్రాము కరెంటు తయారుచేసి పైతీగలోకి పంపితే, ఎక్కే ట్రాము దాన్ని వాడుకుంటుంది. లెక్కకు చాలా బాగుంది. కానీ రాటెన్‌స్టాల్ అనే ఊళ్ళో పెద్ద ప్రమాదం జరిగాక 1911లో అక్కడి ప్రభుత్వం ఈ పద్ధతిని నిలిపేసింది. మళ్ళీ వాడకంలోకి రావడానికి సుమారు 20 ఏళ్ళు పట్టింది.

ట్రాము, రైలు, కారు, దేనికైనా ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. మోటారు కరెంటు తయారుచేస్తే సరిపోదు, దాన్ని తీసుకునేవాడు ఉండాలి. తీగ మీద వేరే బండి లేకపోతే, లేదా బ్యాటరీ నిండిపోతే, ఆ కరెంటుకు పోయే చోటు లేదు. చోటు లేకపోతే బ్రేకూ లేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఘాట్ దిగేటప్పుడు మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

మన దేశంలో ఈ బ్రేకు మొదట గట్టిగా పనిచేసింది బొంబాయి దగ్గరి ఘాట్లలో. 1920ల చివర్లో అక్కడ నడిచిన ఎలక్ట్రిక్ ఇంజన్లను పొడుగు ముక్కు వల్ల 'మొసళ్ళు' అనేవారు. దిగేటప్పుడు వాటి మోటార్లు కరెంటును తిరిగి తీగలోకి పంపేవి. దుబాయ్, మస్కట్ పోవడానికి మన పెద్దలు హైదరాబాద్ నుంచి రైల్లో బొంబాయి చేరింది కూడా భోర్ ఘాట్ మీదుగానే. ఇప్పుడు మియాపూర్‌లో మెట్రో ఎక్కినా, ఆగేటప్పుడు ఆ రైలు చేసేది ఇదే పని.

కార్లలోనూ ప్రయత్నాలు జరిగాయి. 1900 ప్రాంతంలో ఫెర్డినాండ్ పోర్షే పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ కలిపి ఒక బండి చేశాడు. 1910ల చివర్లో షికాగోలో వుడ్స్ అనే కంపెనీ 'డ్యుయల్ పవర్' పేరుతో హైబ్రిడ్ కారే అమ్మింది. వేగం తగ్గించేటప్పుడు దాని మోటారు బ్యాటరీని చార్జ్ చేసేది. చివరికి పూర్తిగా ఆపడానికి మామూలు బ్రేకు తొక్కాల్సిందే. అంటే రెండు బ్రేకుల పద్ధతి అప్పటికే ఉంది. కానీ పెట్రోలు చవక, పెట్రోలు కారు ఇంకా చవక. ఎవరికీ దీని అవసరం పడలేదు, బండి మూలన పడింది.

1973: ఒకే ధర, రెండు దారులు

అవసరం పడిన ఏడు 1973. ఆ అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరాకు కత్తెర వేశాయి. మూడు డాలర్ల దగ్గర ఉన్న పీపా ధర 1974 జనవరికల్లా పన్నెండు డాలర్ల దగ్గరికి చేరింది. అమెరికాలో బంకుల ముందు లైన్లు కట్టారు. పెట్రోలు తక్కువ తాగే బండి కావాలని అక్కడ గోల మొదలైంది. 1976లో అమెరికా కాంగ్రెస్ ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్ల పరిశోధన కోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది, అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్ వీటో చేసినా పట్టుబట్టి నెగ్గించుకుంది.

అదే ధర ఇటు గల్ఫ్‌లో డబ్బు కుమ్మరించింది. రోడ్లు, పోర్టులు, ఆస్పత్రులు కట్టడానికి మనుషులు కావాల్సొచ్చారు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు వీసా పట్టుకుని బయల్దేరింది ఆ తర్వాతి ఏళ్ళలోనే. మా మేనమామ అలా వచ్చినవాడే.

ఈ రెండు కథలూ ఎపిసోడ్‌లో పక్కపక్కనే చెప్పడానికి కారణం ఉంది. మనల్ని ఈ దేశాలకు తెచ్చిన ధర, పెట్రోలు మిగిల్చే బండి కోసం వెతుకులాటనూ మొదలుపెట్టింది. నలభై యాభై ఏళ్ళ తర్వాత ఆ రెండూ ఇక్కడే కలిశాయి. చమురు పుట్టిన నేల మీద, చమురు మిగిల్చే బండిని మనం నడుపుతున్నాం.

ప్రియస్, ఒక చిన్న చిక్కు

టొయోటా 1990ల మొదట్లో తరువాతి శతాబ్దపు కారు ఎలా ఉండాలో తేల్చమని ఒక బృందాన్ని పెట్టింది. దాని పెద్ద తకేషి ఉచియమద. 1997 డిసెంబరులో జపాన్‌లో ప్రియస్ అమ్మకానికి వచ్చింది. 2000లో బయటి దేశాలకు వచ్చింది. పెద్ద సంఖ్యలో తయారైన మొదటి హైబ్రిడ్ ఇదే.

ఇక్కడ ఇంజనీర్లకు ఒక చిక్కు ఎదురైంది. మామూలు పెట్రోలు కారులో బ్రేకు పెడల్ మెత్తగా ఉంటుంది. కారణం, బానెట్ కింద ఉండే పెద్ద నల్ల డబ్బా, మనం బూస్టర్ అంటాం. ఇంజన్ గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే వాక్యూమ్‌తో అది మన కాలికి బలం కలుపుతుంది. ఇంజన్ ఆగిన కారును దొర్లించి చూడండి, రెండు మూడుసార్లు తొక్కాక పెడల్ రాయిలా గట్టిపడుతుంది. మరి హైబ్రిడ్‌లో ఇంజన్ సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగిపోతుంది కదా. వాక్యూమ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

దానికి జవాబుగా కరెంటు పంపు పెట్టారు. ఆ పంపు బ్రేక్ ఆయిల్‌ను గట్టి ఒత్తిడితో ఒక సిలిండర్‌లో నింపి ఉంచుతుంది. దాన్ని అక్యుములేటర్ అంటారు. లోపల నైట్రోజన్ గ్యాస్ స్ప్రింగులా తోస్తూ ఉంటుంది. మీరు బండి తలుపు తీయగానే ఎక్కడో 'జుయ్...' మని రెండు మూడు సెకన్లు చప్పుడు వస్తుందే, అది ఈ పంపే. తలుపు తీయగానే డ్రైవరు వస్తున్నాడని దానికి తెలుస్తుంది.

2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌తో ఇంకో అడుగు పడింది. మామూలుగా పెడల్ తొక్కినప్పుడు మన కాలు నేరుగా చక్రం దగ్గరి ఆయిల్‌ను నెట్టదు. ఎంత గట్టిగా, ఎంత లోతుగా తొక్కామో సెన్సర్లు కొలుస్తాయి. కంప్యూటర్ లెక్క వేసి, ఇందులో ఇంత మోటారు ఆపుతుంది, ఇంత ప్యాడ్లు ఆపుతాయి అని పంచుతుంది. కాలికి మామూలు బ్రేకులా అనిపించడానికి పెడల్ వెనక స్ప్రింగు ఉన్న చిన్న సిలిండర్ ఎదురు తోస్తుంది. మెల్లగా ముందునుంచే తొక్కితే ఎక్కువ భాగం మోటారు తీసుకుంటుంది. గట్టిగా తొక్కితే ప్యాడ్లు కలుస్తాయి. బండి దాదాపు ఆగబోయేటప్పుడు మోటారు తప్పుకుని ప్యాడ్లే పట్టుకుంటాయి.

దీనివల్ల ఒకటి పోయింది. మన ఊళ్ళో లారీ డ్రైవర్లు కాలితోనే బ్రేకు ఆరోగ్యం చెప్పేవాళ్ళు. పెడల్ లోతుకు పోతోందంటే గాలి చేరింది, వదలడం లేదంటే పట్టేసింది, కొడుతోందంటే డ్రమ్ము వంకరపోయింది అని. హైబ్రిడ్‌లో పెడల్ ఆ సంగతులు పూర్తిగా చెప్పదు. మధ్యలో కంప్యూటర్ ఉంది. కాలు చెప్పేది తగ్గింది కాబట్టి కంటితో, చెవితో, క్యాలెండర్‌తో చూసుకోవాలి.

2010: ఆ ఒక్క క్షణం

2009లో మూడో తరం ప్రియస్ వచ్చింది. కొన్ని నెలల్లోనే జపాన్‌లో, అమెరికాలో ఫిర్యాదులు మొదలయ్యాయి. గుంతల్లోనో, జారే రోడ్డు మీదో బ్రేకు తొక్కితే ఒక్క క్షణం బ్రేకు వదిలేసినట్టు అనిపిస్తోందని. 2010 ఫిబ్రవరిలో టొయోటా ప్రపంచమంతా కలిపి సుమారు 4,37,000 హైబ్రిడ్ బండ్లను వెనక్కి పిలిచి బ్రేకు సాఫ్ట్‌వేర్ మార్చింది.

ఏం జరిగిందో ఇప్పుడు మనకు అర్థమవుతుంది. మెల్లగా తొక్కినప్పుడు ఎక్కువ పని మోటారుది. చక్రం జారగానే ఏబీఎస్ రంగంలోకి దిగుతుంది. అది ప్యాడ్లను పట్టి వదిలి, పట్టి వదిలి చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. ఆ పనికి మోటారు బ్రేకు పక్కకు తప్పుకోవాలి. ఒకరు తప్పుకుని ఇంకొకరు పట్టుకునే ఆ సందులో బండి ముందుకు తోసినట్టు అనిపించింది. సాఫ్ట్‌వేర్‌తో ఆ తేడాను సరిచేశారు.

2013లో ఇంకో రీకాల్ వచ్చింది. 2009లో తయారైన కొన్ని బండ్లలో అక్యుములేటర్ నుంచి నైట్రోజన్ కారే అవకాశం ఉందని సుమారు 2,42,000 బండ్లను పిలిచారు. అందుకే సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కొనేముందు ఛాసిస్ నంబరుతో రీకాల్ పని పూర్తయిందో లేదో డీలర్ దగ్గర అడగండి. కంపెనీ రీకాల్ పనికి డబ్బు తీసుకోదు.

ఇప్పటి బండ్లలో కూడా ఇసుక పేరుకున్న మలుపులో, ఏడాదికోసారి పడే మొదటి వాన రోడ్డు మీద, స్పీడ్ బ్రేకర్ మీద బ్రేకు తొక్కితే ఆ చేతులు మారడం కొద్దిగా కాలికి తెలుస్తుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే. కాలు తీయకండి. భయపడి వదిలి మళ్ళీ తొక్కడం వద్దు. గట్టిగా, నిలకడగా తొక్కే ఉంచండి. పెడల్ గజగజలాడితే ఏబీఎస్ తన పని తాను చేస్తోందని అర్థం. ఎదురుగా మనిషి వస్తే పెట్రోలు మిగలడం గురించి ఆలోచించకుండా పూర్తి బలంతో తొక్కండి. మెల్లగా తొక్కమనే సలహా మామూలు సిగ్నళ్ళకే గానీ ప్రాణాపాయానికి కాదు.

ఘాట్ దిగేటప్పుడు

మన దగ్గర డ్రైవింగ్ నేర్పేవాళ్ళు మొదట చెప్పే మాట, "ఏ గేరులో ఎక్కితివో ఆ గేరులోనే దిగు" అని. తిరుమల ఘాట్ అయినా, శ్రీశైలం అయినా అంతే. బ్రేకు మీదే ఆధారపడి దిగితే ప్యాడ్లు, ఆయిల్ వేడెక్కి చివరి మలుపుకు పెడల్ లోపలికి పోతుంది. ఇంజనే బండిని పట్టుకోవాలి.

హైబ్రిడ్ వచ్చాక "మోటారు బ్రేకు ఉందిగా" అన్న ధీమా పెరిగింది. లెక్క చూద్దాం. 1,600 కిలోల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి 0.4 యూనిట్ పైన. కరెంటు బిల్లులో ఉండే యూనిటే. ప్రియస్ రెండు, మూడో తరాల బ్యాటరీ మొత్తం పట్టు సుమారు 1.3 యూనిట్లు. బ్యాటరీ మన్నాలని కంప్యూటర్ దాన్ని పూర్తిగా నింపదు, పూర్తిగా ఖాళీ చేయదు. నడుమ వాడేది అర యూనిట్ అటూ ఇటూ. గాలికి, టైర్లకు పోయేది, మార్పులో నష్టపోయేది తీసేసినా, రెండు మూడు వందల మీటర్ల ఎత్తు దిగేసరికి బ్యాటరీ నిండిపోతుంది. తిరుమల నుంచి తిరుపతికి దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు. అల్ ఐన్‌లో శుక్రవారం పూట పాసింజర్లను తీసుకెళ్ళే జబల్ హఫీత్ 1,200 మీటర్లు దాటిన కొండ. సౌదీలో తాయిఫ్ నుంచి అల్ హదా మలుపుల మీదుగా మక్కా వైపు దిగే దారి ఇంకా లోతు.

అంటే కొండ సగం దిగకముందే కరెంటును తీసుకునేవాడు ఉండడు. ట్రాముల కాలం నాటి మెలికే ఇది. అందుకే టొయోటా హైబ్రిడ్లలో గేరు దగ్గర 'బి' అని ఒక గుర్తు పెట్టారు. చాలామంది దాన్ని ముట్టుకోరు, బ్యాటరీ చార్జింగ్ అనుకునేవాళ్ళూ ఉన్నారు. అది ఇంజన్ బ్రేకు. దానిలో వేస్తే పెట్రోలు కాలకుండానే ఇంజన్‌ను తిప్పి శక్తిని ఖర్చు చేస్తుంది. చప్పుడు పెరుగుతుంది, అది మామూలే. పొడుగు దిగుడు మొదలుకాకముందే, వేగం తక్కువ ఉన్నప్పుడే 'బి'లో వేయండి. సమతలం వచ్చాక తిరిగి 'డి'లోకి రండి. ఊళ్ళో 'బి'లో తిరిగితే పెట్రోలు దండగ.

ఇంకో అలవాటు మన ఊరినుంచి తెచ్చుకున్నది, దిగుడులో న్యూట్రల్ కొట్టడం. డీజిల్ మిగులుతుందని మన దగ్గర చాలామంది చేస్తారు. పాత బండిలోనే అది ప్రమాదం. హైబ్రిడ్‌లో పైగా నష్టం. న్యూట్రల్‌లో మోటారు కరెంటు తయారుచేయదు, బ్యాటరీ నిండదు, భారమంతా ప్యాడ్ల మీద పడుతుంది. ఆ పని మానేయండి.

ఒక మంచి సంగతి. 2022 నుంచి తిరుపతి, తిరుమల మధ్య ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. ఎక్కేటప్పుడు తిన్న కరెంటులో కొంత దిగేటప్పుడు తిరిగి సంపాదించుకుంటాయి. ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి హైబ్రిడ్లు మన ఊళ్ళకీ వచ్చేశాయి. ఇక్కడ నేర్చుకున్నది రేపు ఇంటికి పోయాక కూడా పనికొస్తుంది.

కరాజ్‌లో చూస్తున్నవి

మా దగ్గరికి లక్ష కి.మీ. దాటినా ప్యాడ్లు మందంగానే ఉన్న హైబ్రిడ్ టాక్సీలు వస్తాయి. "చూశావా, ప్యాడ్లు అరగనే లేదు" అని సంబరపడతారు. చక్రం ఊడదీస్తే కాలిపర్ పిన్ను తుప్పు పట్టి కదలదు. ఒక పక్క ప్యాడ్ కొత్తదానిలా ఉంటుంది, రెండో పక్కది ఇనుము దాకా పోయి ఉంటుంది. వాడకం లేని చేతికి పట్టు తగ్గినట్టే, వాడకం లేని బ్రేకుకు తుప్పు పడుతుంది. సముద్రం గాలి, ఉక్కపోత ఉన్న ఈ తీరంలో ఇంకా తొందరగా పడుతుంది. కాబట్టి అరుగుదలను కాకుండా నెలలను లెక్కపెట్టండి.

ఆరు నెలలకోసారి నాలుగు చక్రాలూ విప్పించి చూపించండి. ప్యాడ్ రెండు పక్కలా సమానంగా ఉందా, పిన్నులు జారుతున్నాయా, డిస్క్ మీద గీతలున్నాయా అని మీరే దగ్గరుండి అడగండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరితే ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి, ఆవిరైతే బ్రేకు లేదు. చాలా మాన్యువళ్ళు రెండు మూడేళ్ళకోసారి మార్చమంటాయి. మీ బండి మాన్యువల్ ఏమంటే అది చేయించండి, డబ్బా మూత మీద రాసిన రకమే పోయించండి.

సెలవు మీద ఊరెళ్ళి రెండు నెలలకు వస్తే బండి డిస్కుల మీద ఎర్రగా తుప్పు ఉంటుంది. నేరుగా హైవే ఎక్కకండి. ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి కొన్నిసార్లు కాస్త గట్టిగా ఆపండి, పైపై తుప్పు రాలిపోతుంది. గరగర చప్పుడు ఆ తర్వాత కూడా ఉంటే కరాజ్‌కు తెండి.

పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీని చిన్నచూపు చూడకండి. బ్రేకు కంప్యూటర్ నడిచేది దాని మీదే. ఇక్కడి ఎండకు అది తొందరగా పోతుంది. అది బలహీనపడితే బ్రేకు లైట్లు వెలుగుతాయి, మనం బ్రేకు పోయిందనుకుని వేలకు వేలు పెడతాం. ముందు దాన్ని పరీక్ష చేయించండి.

రోడ్డు పక్కన, పార్కింగ్‌లో ప్యాడ్లు మార్పించవద్దు. తలుపు తీస్తే పంపు నిద్రలేస్తుందని చెప్పాను కదా. కాలిపర్ విప్పి ఉండగా ఎవరో తలుపు తీస్తే ఆయిల్ ఒత్తిడి వచ్చి పిస్టన్ బయటికి తోస్తుంది, పని చేసేవాడి వేళ్ళు నలుగుతాయి, బ్రేకులో గాలి చేరుతుంది. ఈ పనికి ముందు స్కానర్‌తో ఆ పంపును ఆపాలి. ఆయిల్ మార్చి గాలి తీయడానికీ స్కానర్ కావాలి. పదిహేను దిర్హాములు తక్కువ అడిగేవాడి దగ్గర అది లేకపోతే వద్దనండి.

చెవి పెట్టి వినండి. తలుపు తీసినప్పుడు, రెండు మూడు బ్రేకులకోసారి పంపు చప్పుడు మామూలే. బండి నిలబడి ఉండగా కూడా అది నిమిషానికి పలుమార్లు మోగుతుంటే ఒత్తిడి ఎక్కడో జారిపోతోంది. ఆలస్యం చేయకుండా చూపించండి.

ఎర్ర బ్రేకు లైటు వెలిగి, బజర్ ఆగకుండా మోగితే సాయం పోయిందని అర్థం. అప్పుడు పెడల్ చాలా గట్టిపడుతుంది. ఇలాంటప్పుడు మన కాలి బలం నేరుగా ముందు చక్రాల బ్రేకులకు చేరేలా దారి పెట్టి ఉంచారు. అంటే బండి ఆగుతుంది, కానీ ఎక్కువ దూరం తీసుకుంటుంది, రెండింతలు బలం కావాలి. పదేపదే కొట్టకండి. మిగిలిన ఒత్తిడి ఒక్కో తొక్కుకూ తగ్గిపోతుంది. ఒక్కసారే రెండు కాళ్ళ బలమైనా పెట్టి అదిమి, షోల్డర్ మీదికి తెచ్చి ఆపండి. ఆ తర్వాత ముదీర్ ఫోన్లో "ఈ ట్రిప్ అయ్యాక తీసుకురా" అన్నా కదల్చకండి. లైటు వెలిగిన డ్యాష్‌బోర్డును టైం కనబడేలా ఫోటో తీసి పంపండి, వాట్సాప్‌లో రాతగా చెప్పండి. రేపు ఏదైనా జరిగితే మీ మాటకు అదే సాక్ష్యం. రికవరీ వ్యాన్ ఖర్చు కంపెనీది, ప్రాణం మాత్రం మీది, మీ వెనక కూర్చున్నవాళ్ళది.

బ్రేకు కథ చెక్కదిమ్మ నుంచి కంప్యూటర్ దాకా వచ్చింది. ప్రతి మెట్టు మీదా డ్రైవరు చేయాల్సిన పని కొంత యంత్రానికి పోయింది, తెలుసుకోవాల్సింది మాత్రం పెరిగింది. యంత్రం పెట్రోలు మిగులుస్తుంది. పిన్ను కదులుతోందా లేదా అని వంగి చూడటం మాత్రం ఇప్పటికీ మనిషి పనే. ఈ శుక్రవారం బండి కడిగేటప్పుడు చక్రం సందులోంచి ఆ డిస్కును ఒకసారి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇక్కడి ఎండకు టైర్లు ఎందుకు పేలుతాయో, టైరు మీద రాసిన నాలుగంకెల తేదీ ఎలా చదవాలో మాట్లాడుకుందాం. జాగ్రత్తగా నడపండి, ఇంటికి ఫోన్ చేయండి.